ఏటేటా వచ్చే దిది

బరంపురం బడా బజారులో బియ్యం కొట్ల వరస దాటి పక్క సందులోకి తిరిగితే ఎండు నెత్తళ్ళ వాసన ఎదురొస్తుంది. పత్రికలో నాతో పనిచేసినవాళ్ళు ఆ సందు రాకముందే జేబురుమాలు తీసేవారు. నేను మాత్రం అక్కడ నడక తగ్గించేదాన్ని, ఇప్పటికీ తగ్గిస్తాను. గంజాం తీరంలో సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుక మీద కూర్చున్న మా పేట నాకు ముందు ఆ వాసనగానే గుర్తొస్తుంది, ఆ తరవాతే మిగతావన్నీ వస్తాయి: చలికాలం పొద్దున్నే ఆరబోసిన చేపల దగ్గర కాకుల్ని తోలుతూ ఒడిలో పోసుకు తిన్న ముఢీలనే మరమరాలూ బెల్లం ముక్కా, ఫాల్గుణంలో గుడ్లు పెట్టి వెళ్ళిన తాబేళ్ళు ఇసుక మీద వదిలిన బండి చాళ్ళ లాంటి జాడలూ, గంగమ్మ పండగనాడు ఇంటింటా కాగే పొంగడాల నూనె కమ్మదనమూ, వానాకాలం వేట ఆగినప్పుడు మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ చెప్పుకునే ఎప్పటికీ తెమలని కబుర్లూ.

మా పేటలో ఒక ఆచారం ఉండేది. తెప్ప ఒడ్డుకు తగలగానే ఎవరైనా "ఏటి పడింది?" అని అడిగితే, వల చిరిగేటంత పడినా సరే "ఏటీ నేదు" అనాలి. పడిందన్న మాట గంగమ్మ చెవిని పడితే మర్నాడు వల ఖాళీ అని నమ్మకం. చేపల దగ్గర మొదలైన ఆ మాట ఇళ్ళలోకీ వచ్చేసింది. జ్వరం తగ్గి ముద్ద మీద ముద్ద మింగుతున్న పిల్లవాడి తల్లిని పలకరించినా "ఏటీ నేదు, అలాగే ఉన్నాడు" అనేది. అది అబద్ధమని ఎవరూ అనుకునేవారు కాదు. అడిగినవాళ్ళూ నవ్వుకుని వెళ్ళిపోయేవారు.

ఇంట్లో నా నోరు మూతపడేది కాదు. బడిలో మాత్రం రెండేళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ అంతా ఒడియా. మొదటి రోజు నేనేదో అంటే వెనక బల్ల నవ్వింది, అంతే, గొంతుకి గడియ పడిపోయింది. నాలాంటి పిల్లలు మరో నలుగురు ఉండేవారు. మేం మూగవాళ్ళమని హెడ్మాస్టరుగారు పట్టీలో రాసుకున్నారు కూడా.

అప్పుడు మాలాంటి పిల్లలకి తరగతి పెట్టడానికి బరంపురం నుంచి దిది, అంటే అక్క, వచ్చింది. నూలుచీర, మోచేతి దాకా సిరా మరకలు, సగం తెలుగూ సగం ఒడియా. వారానికి రెండు రోజులు బడి వరండాలో మాతో కూర్చునేది. మమ్మల్ని మాట్లాడమని ఒక్కసారీ అడగలేదు. మా వైపు వీపు పెట్టి సముద్రం చూస్తూ గవ్వలు ఏరి వరసలు పేర్చేది, తప్పుగా పేర్చి ఊరుకునేది. మూడో వారమో నాలుగో వారమో ఆ తప్పు చూసి ఉండబట్టలేక "అది కాదు" అన్నాను. ఆవిడ తిరిగి చూడలేదు. గవ్వ మార్చి పెట్టింది. తరవాత హెడ్మాస్టరుగారిని వరండాకి ఆ చివర తలుపు దగ్గర నిలబెట్టింది. నా మాట ఆగకపోతే ఆ వచ్చే వారం ఆయన ఒక అడుగు దగ్గరికి రావాలి, ఆగితే ఒక అడుగు వెనక్కి. పెద్ద మీసాల మనిషి, బెత్తం లేకుండా, ఎనిమిదేళ్ళ పిల్ల గొంతును బట్టి అడుగు వేస్తూ తీస్తూ ఆ ఏడాదంతా నడిచాడు. దసరాలు వెళ్ళేసరికి నా పక్క బల్ల మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడు.

వెళ్ళేముందు దిది మా మామ్మతో, ఇక ఏటేటా వానలు వెళ్ళాక వస్తానని చెప్పింది. నయమవడం ఒకటి, ఆ నయం నిలవడం ఇంకొకటి, నిలిచిందో లేదో చూస్తేనే తను చేసింది వైద్యమో కాదో తెలుస్తుంది అంది. మామ్మకి ఆ మాట నచ్చింది. "అవునమ్మా, ఏసిన ముడి సంద్రంలో నిలబడితేనే ముడి" అంది.

అన్నట్టే వచ్చింది. కాగితాల కట్టతో ఇల్లిల్లూ తిరిగి, మమ్మల్ని మాట్లాడించి చూడకుండా పెద్దవాళ్ళనే "పిలా భలొ హెలా కి?" అని అడిగేది, పిల్లకి నయమైందా అని. మామ్మ చేట పక్కన పెట్టి, ముఖం వేలాడేసి "ఏటీ నేదు దిదీ, అలాగే ఉంది" అనేది. తలుపు వెనక నేను నోరు అదిమిపట్టుకుని నవ్వేదాన్ని. మిగతా నాలుగు ఇళ్ళలోనూ అదే జవాబు. పట్నంలో పుట్టి పెరిగిన దిది చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. మరుసటి ఏడూ అదే తంతు.

ఆ రెండో ఏడు మా చిన్నాన్న కూతురు నూకాలు బడిలో చేరింది. ఆరేళ్ళు. పలకను నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు బయటికి వెళ్తానని అడగలేక గౌను తడుపుకుంది. పిల్లలు ఆ మర్నాటి నుంచి దాని బల్ల చుట్టూ ముక్కులు మూసుకుని తిరిగారు. చిన్నాన్న "ఇంక బడొద్దు, ఏటొద్దు, కాకుల్ని తోలుకుంటాది" అన్నాడు. దిది తరగతి మళ్ళీ మొదలైతే దాన్ని అందులో వేస్తానని హెడ్మాస్టరుగారు ఆయన్ని బతిమాలి ఆపారు.

ఇళ్ళన్నీ తిరిగి వచ్చిన దిది వరండాలో ఆయనతో అంటున్న మాటలు, కుండలో నీళ్ళు పోస్తున్న నా చెవిన పడ్డాయి. రెండేళ్ళూ ఐదుగురిలో ఒక్కరికీ గుణం లేదట. ఈ కాగితాలు చూశాక పైవాళ్ళు ఇక్కడ తరగతి మళ్ళీ పెట్టనివ్వరట. తన పద్ధతిలోనే లోపం ఉందేమోనని కూడా అంది. హెడ్మాస్టరుగారు బడిలో మేం మాట్లాడుతున్నామని చెప్పి చూశారు. మీరు నాతో కలిసి పనిచేసినవారు, మీ మాట లెక్కకు రాదు, ఇళ్ళవాళ్ళు చెప్పిందే రాయాలి అని ఆవిడ సంచీ సర్దుకుంది.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. నయమైందని నా నోటితో అంటే ఆ నోరు మళ్ళీ మూసుకుపోతుందని నేనూ నమ్మాను. గోడవారన నూకాలు పలక మీద ఏవో గీతలు గీసుకుంటోంది. పైకి చూడలేదు.

బస్సుకి వెళ్తున్న దిదిని సరుగుడు తోటలో అందుకున్నాను.

"దిదీ, మా మామ్మది అబద్ధం కాదు. మా పేటలో అలాగే సెప్తారు. తెప్ప నిండా సేపలున్నా ఏటీ నేదంటారు."

ఆవిడ ఆగింది. "మరి నీకు?"

"నాకు..." అని ఆగి, "నాను నీతో మాటాడతన్నాను కదా" అన్నాను. అంతకన్న ముందుకు వెళ్ళే ధైర్యం నాకు లేదు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. దిది ఆ ఇసుకలోనే చతికిలబడి, నుదుటి మీద చెయ్యి వేసుకుని, తనలో తను నవ్వుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

దిది వెనక్కి వచ్చి, ఈసారి మామ్మని నయమైందా అని అడగలేదు. "ఈ గుంట వల్ల నీకేం కష్టాలు?" అని అడిగింది. మామ్మ చేట కింద పెట్టింది.

"ఏటి సెప్పమంతావు దిదీ. కొడల సంతలో కొట్టువోడితో తగువెట్టేసుకుంది, ఆడి ఒడియాలో ఆడికే. మేస్టారు లెక్క తప్పేసేడని నలుగురిలో సెప్పేసిందట, సిగ్గు నేదు. దీని నోటికి తాళం ఏయడానికి నీకాడ మందుంటే ఇయ్యి."

దిది రాస్తూనే ఉంది. మంచి చెప్పుకోవడం తప్పుగానీ చాడీలు చెప్పడానికి మా పేటలో ఏ అడ్డూ లేదు. ఇల్లిల్లూ తిరిగేసరికి కాగితాలు నిండిపోయాయి. ఒకడు రంభ వెళ్ళే బస్సులో కండక్టరుతో వాదించాడు, ఒకతె ఒడియా పాటలతో ఇల్లు పీకి పందిరేస్తోంది. ఒక్క ఇంట్లో మాత్రం ఆ తల్లి ఎంతసేపు ఆలోచించినా చాడీ దొరకలేదు. "ఆడేటీ అనడు దిదీ" అంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. దిది అదీ రాసుకుంది. ఆ పిల్లవాడి కోసం మరుసటి ఏడు మళ్ళీ మొదటి నుంచి గవ్వలు పేర్చింది. వాడు పెద్దయ్యాక కూడా తక్కువే మాట్లాడాడు గానీ, మాట్లాడాడు.

తరగతి మళ్ళీ మొదలైంది. నూకాలు అందులో మూడేళ్ళు ఉంది.

ఆ వరండా ఇప్పుడు లేదు, దాన్ని సముద్రం తీసుకుపోయింది. పేట వెనక్కి జరిగి సిమెంటు ఇళ్ళయింది. తెప్పలు పోయి ఫైబరు పడవలు వచ్చాయి. నెత్తళ్ళు కూడా తగ్గాయి. మామ్మా లేదు, హెడ్మాస్టరుగారూ లేరు. దిదికి కళ్ళు కనబడవు. ఆవిడ దగ్గర చదువుకున్న ఓ అమ్మాయి మాత్రం ఇప్పటికీ ఏటేటా వస్తుంది. అప్పటి మా ఐదుగురినీ, ఆ తరవాతి పిల్లల్నీ, వాళ్ళ పిల్లల్నీ అడిగి రాసుకువెళ్ళి, బరంపురంలో ఆ పెద్దావిడకి చదివి వినిపిస్తుంది.

ఈ ఏడు నేనూ ఆ అమ్మాయి వెంట పేటకి వెళ్ళాను. ఒడ్డున చేపల వేలం జరుగుతోంది. బోర్లించిన గంప మీద నిలబడి, చుట్టూ మూగిన రంభ వర్తకుల్ని ఒడియాలో ఒకసారీ తెలుగులో ఒకసారీ దులిపేస్తూ పాట పాడిస్తున్నది నూకాలు. అలల హోరు మీద దాని గొంతు తోట దాకా వినబడుతోంది. అమ్మాయి కాగితాలు తీసి, దగ్గరికి వెళ్ళి ఏదో అడగబోయింది.

"ఉండెహె, మద్దిన మాటాడకు" అంది నూకాలు, అటు తిరక్కుండానే. "పాట అవనీ."

అమ్మాయి నవ్వి, ఆ మాటే కాగితం మీద రాసుకుని, కలం మూసి, నా పక్కకి వచ్చి నిలబడింది.