ధారూర్ రాకముందా, వచ్చినంకనా

ఆ రోజుల్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, విమానం ఎక్కని జన్మ ఒక జన్మేనా అనుకునేదాన్ని. సింగపూర్‌లో శిక్షణ ఉంది, పాస్‌పోర్టు తెచ్చుకో అని మా ఆఫీసులో అనగానే కాలు నేల మీద నిలవలేదు. తీరా పోతే, నేను పుట్టింది మస్కట్‌లో (నాయిన అక్కడ లారీ నడిపేవాడు, నన్ను చంకబిడ్డగా విమానంలో తెచ్చింది నాకు గుర్తు లేదు) కాబట్టి తండ్రి ద్వారా ఈ దేశపు మనిషినని రుజువు చేయాలన్నారు. నాయిన పేరు పాత పాస్‌పోర్టులో ఒక తీరు, బడి కాయితంలో ఇంకో తీరు. అందుకని ఆయన పుట్టిన సర్టిఫికెటే తెమ్మన్నారు. ఆయనేమో రైల్లో పుట్టాడు.

మాది యాలాల్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. నాయనమ్మ కాన్పుకని ధారూర్‌లోని తల్లిగారింటికి పోతూ తాండూరులో రైలెక్కగానే నొప్పులు మొదలై, ధారూర్ స్టేషన్ దగ్గర్లో పెట్టెలోనే నాయిన పుట్టాడట. సర్టిఫికెట్ కోసం నేను తాండూరు ఆఫీసులో అడిగితే ‘ధారూర్ వికారాబాద్ దిక్కు, గాడికి పో అమ్మా’ అన్నారు. వికారాబాద్ పోతే ‘ధారూర్ రాకముందే పుడితే తాండూరోళ్లే ఇయ్యాలె’ అన్నారు. రెండూళ్ల మధ్య తిరిగి తిరిగి, నాయిన ఎక్కడో ఒకచోట పుడితే చాలు దేవుడా అనిపించింది.

చివరికి వికారాబాద్‌లో ఒక పెద్దసారు, పుట్టింది చూసినవాళ్లను ఇద్దరిని తెస్తే రాసిస్తానన్నాడు. నాయనమ్మనూ, ఆనాడు ఆమెకు తోడున్న చెల్లెలు మా చిన్నవ్వనూ వెంటబెట్టుకుపోయాను.

‘టేషన్ రానేలేదు సారూ’ అంది నాయనమ్మ.

‘వచ్చినంకనే పుట్టిండు’ అంది చిన్నవ్వ.

‘కన్నది నేనా, నువ్వా?’

‘నొప్పులకు కండ్లు మూసుకున్నవ్, నీకేం కనబడ్డది? నేను కిటికీలకెల్లి బోర్డు చూసిన.’

‘నీకు అచ్చరం ముక్క రాదు, బోర్డేం సదువుతవ్?’

‘సదవకుంటే మా ఊరి బోర్డు నేనెరుగనా?’

సారు తల పట్టుకున్నాడు. నాయిన (మీసాలు నెరిసిన మనిషి) తనే నేరం చేసినట్టు మూలకు నిలబడ్డాడు. నేను గోళ్లు కొరుక్కుంటూ ‘నాయనమ్మా, జర ఒప్పుకోవే, నా సింగపూర్ పోతది’ అని బతిమాలాను. ఆమె నా మొహం చూసింది. సారు వైపు తిరిగి ‘ధారూరే రాయి సారూ, బిడ్డ పరేషాన్ అయితున్నది. గానీ టేషన్ రాలేదు’ అంది. సారు గబగబా రాసేశాడు.

పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి సింగపూర్‌కు ఇంకో అమ్మాయి పోయింది. మరుసటేడు నన్నూ పంపారు. అక్కడ ఏం చూశానో ఇప్పుడు సరిగ్గా గుర్తుకే రాదు. గుర్తున్నదల్లా ఆ రోజు మేం తిరిగొచ్చిన ప్యాసింజర్ రైలు. అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చొని మళ్లీ మొదలుపెట్టారు. పెట్టెలో సగం మంది నాయనమ్మ పక్షం చేరితే, సగం మంది చిన్నవ్వ పక్షం. నాయిన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. నేను మాత్రం తలుపు దగ్గర నిలబడి, ఈ రైలు ఇంత మెల్లగా పోతుందేమని విసుక్కుంటున్నాను.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. తలుపు దగ్గరి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. లోపలికి పోయి వాళ్ల నడుమ కూర్చోవే అని చెప్పాలనిపిస్తుంది.