లక్క ముద్ర వేసిన పెట్రోలు టాంకు

లింబయ్యది ఎడపల్లి. నిజామాబాద్ గంజి బజారులో పసుపు వ్యాపారం చేసే ఆత్మారాం సేటు దగ్గర పాత ఆస్టిన్ కారు నడిపేవాడు. సేటు ఎవరినీ నమ్మడు. ప్రతి పసుపు బస్తా మూతికీ పురికోస కట్టి, ముడి మీద లక్క పోసి, వేలి ఉంగరంతో ముద్ర వేస్తేగాని అతనికి నిద్ర పట్టదు.

1958 చెరుకు కోతల్లో కారు పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. టాంకు నింపితే బోధన్‌కు నాలుగుసార్లు పోయివచ్చే బండి, నాలుగోసారి ఇల్లు చేరకుండానే ఆగింది.

"పెట్రోల్ యాడ ఒంపుతున్నవ్‌రా?" అన్నాడు సేటు.

"ఒంపుడేంది సేటూ! పెట్రోల్ల స్పిరిట్ కలిపి పంపుతున్నరట. పంపుకాడి కాశయ్య చెప్పిండు."

"అగ్గిపుల్ల సూపెడితే భగ్గుమనేది స్పిరిటు. గది కలిస్తే బండి ఇంక జోరుగ ఉరకాలె గని ఆగుతదా? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా?"

భగ్గుమన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. చెరుకు మడ్డితో కాచే ఆ స్పిరిటు మండితే పెట్రోలు అంత వేడి ఇవ్వదు. అందుకే అదే టాంకు తక్కువ దూరం లాగుతుంది. ఈ మాట ఏ పత్రికలోనో ఓ మూలన వేస్తారు. పంపు దగ్గర ఎవరూ బోర్డు పెట్టరు. తగ్గిన మైళ్లు ఎవరు మింగారని ఎవరూ అడగరు, డ్రైవరు దొరుకుతాడు కదా.

దొంగ అనే పేరు పడితే ఈ ఊళ్లో మరొకరు స్టీరింగు చేతికివ్వరు. అందుకే లింబయ్యే అన్నాడు: "టాంకుకు నీ ముద్రెయ్ సేటూ. నువ్వు ఎనక కూసో."

సేటు నిజంగానే నిండు టాంకు మూతకు పురికోస కట్టి ముద్ర వేశాడు. ఆగిన ప్రతిచోటా దిగి బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. నాలుగోసారి తిరుగుదారిలో, జానకంపేట దగ్గర ఇంజను దగ్గి ఆగింది.

లింబయ్య దాదాపు సంతోషంగా దిగాడు. "సూడు సేటూ, నీ ముద్ర ఎట్లున్నదో."

సేటు వంగి చూశాడు. ముద్ర చెక్కుచెదరలేదు. తన ఉంగరం వైపు చాలాసేపు చూసుకున్నాడు.

"గిసువంటి ఉంగరం ఎవలతోని చేపిచ్చినవ్‌రా?"

లింబయ్య తాళంచెవి బానెట్ మీద పెట్టాడు. బోధన్ వైపు పోతున్న చెరుకు బండి ఎక్కాడు. తోలేది వాళ్ల ఊరి భోజన్న.

"ఏందే లింబన్నా, కారిడిసి బండెక్కినవ్?"

"నీ ఎడ్ల కుడితిల స్పిరిట్ కలుపుతలేరు గదనే."

వెనక నుంచి సేటు అరిచాడు: "లింబయ్యా! పెట్రోల్ ఎవడు తెస్తడురా?"

"నీ ఉంగరాన్ని పంపు సేటూ!"

ఆ తర్వాత లింబయ్యకు ఎవరూ కారు ఇవ్వలేదు. ఎడపల్లిలో చెరుకు బండి తోలుకుంటున్నాడు. గంజిలో ఇప్పటికీ అతను దొంగ ఉంగరం చేయించాడనే చెప్పుకుంటారు. ఆ ఉంగరాన్ని చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.