గోళ్ళ కింది నల్లరంగు

శుక్రవారం పొద్దున్నే ఓల్గా కూతురు సిల్వినా వచ్చి పెర్లా ఇంటి తలుపు కొట్టింది. సంగతి పెర్లాకు అప్పటికే తెలుసు. మా ఊళ్ళో చావు కబురు రొట్టెల దుకాణం తెరవకముందే ఇంటింటికీ తిరిగొస్తుంది. ముందురోజు సాయంత్రం ఓల్గా తన బట్టలకొట్టు గోడ మీద ఎవడో రాసిపోయిన నల్లరంగును గీకి గీకి, స్టూలు దిగి, లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయింది. మాకు జనవరి అంటే నడివేసవి. ఆ ఎండ, డెబ్భై దాటిన గుండె. ఇంకేం తట్టుకుంటుంది?

సిల్వినా లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"పొద్దుగూకితే సబ్బాతు, ఇక ఏ పనీ చెయ్యకూడదు. ఈలోపే మట్టి చెయ్యాలి. అమ్మను కడగడానికి ఈ ఊళ్ళో మీరు తప్ప తెలిసినవాళ్ళు లేరు. లేకపోతే మీ గడప తొక్కేదాన్ని కాదు."

"వస్తానమ్మా," అంది పెర్లా.

"నిన్న స్టూలు పట్టుకోడానికి ఒక్క మనిషి రాలేదు. మీ కిటికీ మా గోడకు ఎదురుగానే ఉంది. అమ్మ ఒంటిమీద చెయ్యేసేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి."

కిటికీ ఎదురుగా ఉన్నమాట నిజం. పెర్లా తలుపు వేసి తెల్ల యాప్రాన్ వెతుక్కుంది.

మా యూదుల్లో చనిపోయిన ఆడవాళ్ళను ఆడవాళ్ళే కడిగి, తెల్లబట్ట తొడిగి పంపుతారు. కన్నకూతురు కడగకూడదు. చచ్చినవాళ్ళకు చేసిన ఉపకారం తిరిగిరాదు గనక అదే అసలైన ఉపకారం అంటారు. పెర్లా పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు ఆమెకూ డెబ్భై దాటాయి. ఆ తెల్లబట్టలకు గుడ్డ ఓల్గా కొట్లోంచి ఊరికే వచ్చేది. ఇద్దరూ కూర్చుని కుట్టేవాళ్ళు. దారానికి ముడి వెయ్యకూడదు, బట్టకు జేబు ఉండకూడదు. జేబులేని బట్ట కుట్టే కూతురు పుట్టిందని తెలిస్తే వ్యాపారస్థుడైన మా నాన్న సమాధిలో తిరగబడి పడుకుంటాడే అని ఓల్గా నవ్వేది. చావుబట్ట కుడుతూ అంతలా నవ్వుకునే ఆడవాళ్ళను మేమెక్కడా చూడలేదు.

ఆ నవ్వు రెండేళ్ళ కిందట ఆగిపోయింది. పెర్లా మనవడు అరియెల్ ఇజ్రాయెల్ వెళ్ళిపోయి, అక్కడే సైన్యంలో చేరాడు. అక్టోబరులో సరిహద్దు ఊళ్ళలో తన స్నేహితుల్ని ఇళ్ళల్లోనే చంపేశారని నాయనమ్మకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ తర్వాత గాజాకు పంపారు. తిరిగి రాలేదు. మా ప్రార్థనామందిరంలో వాడి పేర దీపం పెట్టినరోజు ఓల్గా వాడి దీపం వెలిగించి, దాని పక్కనే ఇంకొకటి వెలిగించింది.

అది ఎవరికని పెర్లా అడిగింది.

"ఆ గాజాలో చచ్చిపోతున్న పిల్లలకి. వాళ్ళకీ నాయనమ్మలుంటారు కదే."

మావాళ్ళు చనిపోయినవారి దీపాన్ని ఎన్నడూ ఆర్పరు. దానంతటదే కొండెక్కాలి. పెర్లా ఆ రెండో దీపం వత్తిని వేళ్ళతో నలిపేసింది. నువ్వసలు యూదురాలివేనా అని అందరిముందూ అడిగేసింది. ఓల్గా కోటు తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరిది న్యాయమో తేల్చమని మమ్మల్ని అడక్కండి. కడుపుకోత ఉన్నచోట తీర్పు చెప్పేవాడంత తెలివితక్కువవాడు లేడు. ఆనాటినుంచి ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ముఖాలు తిప్పుకునే తిరిగారు.

ఇక గోడ సంగతి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ రాతలు వచ్చి ఓల్గా గోడ మీదే పడ్డాయి. 'పిల్లల్ని చంపేవాళ్ళు' అని బారెడు అక్షరాలు. ఎవరు ఏ దీపం వెలిగించారో, ఎవరు ఆర్పారో రంగు డబ్బా పట్టుకొచ్చినవాడికి దేనికి? బోర్డు మీద యూదుల ఇంటిపేరు కనిపించింది, చాలు. మొదటిసారి రాసినప్పుడు మందులషాపాయన వచ్చి ఓదార్చాడు. ఇది మిమ్మల్ని కాదులే ఓల్గాగారూ, అక్కడివాళ్ళను అన్నాడు. అయితే వెళ్ళి అక్కడి గోడమీదే రాసుకోమను అంది ఓల్గా. ఎవరినీ సాయం పిలవలేదు. ఈ వారం మళ్ళీ రాశారు. మళ్ళీ తనే బకెట్ పట్టుకుని బయటికొచ్చింది.

స్మశానం పక్కనున్న చిన్నగదిలో, పెర్లాకు ఎప్పుడూ చేతిసాయానికి వచ్చే నేలిదా, ఆమె తోడికోడలు నీళ్ళు గోరువెచ్చగా కాచి ఉంచారు. బయట బెంచీ మీద సిల్వినా కూర్చుంది. ఇంకో పక్క మందులషాపాయన, ఊరివాళ్ళు పూలగుత్తులతో నిలబడి ఎంత మంచి మనిషో అంటున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా? నిన్న సాయంత్రం వాళ్ళంతా ఎక్కడున్నారో ఎవరూ అడగలేదు. అడిగితే పెర్లా కూడా చెప్పాల్సివస్తుంది.

దుప్పటి కప్పే ఉంచి, కడిగే భాగం మటుకు తీస్తూ, తల నుంచి మొదలుపెట్టారు. గదిలో అనవసరమైన మాట మాట్లాడకూడదు. కుడిచెయ్యి వంతు వచ్చింది. గోళ్ళ కింద చిన్న పుల్లతో శుభ్రం చెయ్యాలి. నీళ్ళకూ ఒంటికీ నడుమ ఏదీ అడ్డం ఉండకూడదు. పెర్లా ఆ చెయ్యి తన అరచేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

గోళ్ళ కింద నల్లరంగు. ప్రతి వేలికీ ఉంది.

పుల్లతో గీకింది, రాలేదు. సబ్బునీళ్ళతో రుద్దింది, రాలేదు. నేలిదా మెల్లిగా అంది.

"వదిలెయ్యి పెర్లక్కా. పాపం తనేం చేసింది, అది తన మురికి కాదుగా."

"రంగుతో పంపను," అంది పెర్లా. "కిరసనాయిలు తెచ్చిపెట్టు."

దూదిని కిరసనాయిల్లో ముంచి ఒక్కో వేలే తుడిచింది. ఈ వేళ్ళే ముడిలేని దారం సూదికి ఎక్కించేవి. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి కొత్త దూది తీసుకుంది. నేలిదా తోడికోడలు తానందుకుంటానన్నా ఇవ్వలేదు. చివరికి గోళ్ళు తెల్లబడ్డాయి. దూదినిండా నలుపు. అప్పుడు ముగ్గురూ బకెట్లు ఎత్తి, ఒకరి ధార తెగకముందే ఇంకొకరు పోస్తూ తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు పోశారు. ఒళ్ళు తుడిచి, ఒకప్పుడు పెర్లా, ఓల్గా కలిసి కుట్టిన బట్టే తొడిగి పెట్టెలో పడుకోబెట్టారు.

కళ్ళమీద చల్లడానికి ఇజ్రాయెల్ మట్టి కావాలి. అది చిన్నసంచీలో అరియెల్ పంపిందే. చిటికెడే మిగిలింది. దాన్ని పెర్లా తన కళ్ళకోసం దాచుకుంది, అందరికీ తెలుసు. ఇప్పుడు సంచీ దులిపి మొత్తం ఓల్గా కళ్ళమీద చల్లింది.

ఇక మిగిలింది క్షమాపణ. కడిగేటప్పుడు మావల్ల నీ గౌరవానికి లోటు జరిగి ఉంటే మన్నించమని చనిపోయినవారిని పేరుపెట్టి అడగాలి. ఇన్నేళ్ళూ పెర్లా దాన్ని బస్సు కండక్టరు ఊళ్ళపేర్లు చదివినట్టు చదివేసేది. ప్రార్థనల్లో ఓల్గాను పిలిచే పేరుతో, లెయిబ్ కూతురు గోల్దా అని మొదలుపెట్టింది. ఆ పేరు దగ్గరే ఆపేసింది. నేలిదా అందుకోబోతే వద్దని చెయ్యి ఎత్తింది.

"ఒసే ఓల్గా. నిన్న నేను కిటికీలోంచి చూశానే. స్టూలు ఊగుతుంటే చూశాను. బకెట్ కూడా తీసుకున్నాను. పిలుస్తావేమోనని తలుపు వెనకాల నిలబడ్డాను. నువ్వు పిలవవని తెలిసే నిలబడ్డాను. ఆ దీపం సంగతి నాకింకా తెగలేదు. నా బిడ్డ పక్కన ఇంకెవర్నీ పెట్టలేను, నాకు చేతకాదు. కానీ స్టూలు పట్టుకోవాల్సిందే నేను. క్షమించవే."

నేలమీద నీళ్ళు తూములోకి పోతున్నాయి. నేలిదా పెట్టె మూసింది.

బయట చేతులు కడుక్కుంటుంటే సిల్వినా లేచి దగ్గరికొచ్చింది. లోపలి మాటలు విన్నట్టే ఉంది.

"ఏమంది అమ్మ?" అని అడిగింది.

పెర్లా ఇంకోసారి చేతులమీద నీళ్ళు పోసుకుంది.

ఆదివారం పొద్దున పెర్లా బకెట్, బ్రష్షు, కిరసనాయిలు డబ్బా, వంటింటి స్టూలు మోసుకుని రోడ్డు దాటింది. గోడమీద సగం రాత మిగిలే ఉంది. 'పిల్లల్ని' అన్నంతవరకే ఓల్గా గీకగలిగింది. లోపల సిల్వినా తల్లి కోసం ఏడురోజుల సంతాపానికి నేలమీద కూర్చుని ఉంది. బ్రష్షు చప్పుడు ఆమెకు వినపడే ఉంటుంది. మందులషాపాయన తెర పక్కకు జరిపి చూసి మళ్ళీ వేసేశాడు. ఒక కాలు పొట్టిగా ఉన్న స్టూలు పెర్లా కింద ఊగుతూనే ఉంది. దాన్ని పట్టుకోడానికి ఎవరూ రాలేదు.