సెర్వా కంప్యూటరు, అగ్యెకుమ్ కడుపుమంట

యావ్ అగ్యెకుమ్ మొదట్లో చేతి గడియారాలు బాగుచేసేవాడు. కుమాసి ఊరి జనం టైము సెల్‌ఫోన్లో చూసుకోవడం మొదలెట్టాక, నలభయ్యో ఏటికి దగ్గర పడుతూ కంప్యూటర్ల పనిలోకి దిగాడు. ఎవరూ నేర్పలేదు. పాడైనదాన్ని విప్పి, పనిచేసేదాని పక్కన పెట్టుకుని, తేడా ఎక్కడుందా అని వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. గడియారాల నాటి అలవాటొకటి మాత్రం వదల్లేదు. వాచీ బాగుచేసినవాడు వెనకమూత లోపల చేసిన పనీ తేదీ సూదితో గీకిపెడతాడు. అగ్యెకుమ్ కూడా తాను విప్పిన ప్రతి కంప్యూటరు మూత లోపలా మార్కరుతో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టేవాడు.

అడుమ్ వీధిలో సెర్వా అచ్చుదుకాణంలోని కంప్యూటరు అతని చేతి పనే. ఆ దుకాణంలో చావు పుస్తకాలు వేస్తారు. శనివారం సమాధి చేయబోయే మనిషి పుట్టుపూర్వోత్తరాలు, ఫొటోలు, పాడాల్సిన కీర్తనలు అన్నీ ఒక రంగుల పుస్తకంగా కుట్టి వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. పధ్నాలుగేళ్ళుగా ఆ మిషను దగ్గితే అగ్యెకుమే, తుమ్మితే అగ్యెకుమే. సెర్వా అతన్ని ‘మాస్టర్’ అనేది. గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇచ్చేవాళ్ళు. రోడ్డుకి ఇవతల తన రేకుల కొట్టు ఎంత ఇరుకైనా, ఆ కుర్చీ తలచుకుంటే అగ్యెకుమ్‌కి కాళ్ళు బారజాపుకున్నట్టుండేది.

ఎనిమిది నెలల కిందట సెర్వా దుకాణం పక్కనే అఫ్రియె వచ్చి కొట్టు తెరిచింది. పాలిటెక్నిక్‌లో చదువుకుంది, ఇరవై ఏడేళ్ళుంటాయి. అద్దాల తలుపు. ఆ అద్దాన్ని రోజూ పొద్దున్నే తనే తుడుచుకునేది. ఆ తుడవడం కూడా అగ్యెకుమ్‌కి గిట్టలేదు. అతన్ని ఆమె మేనమామ వరస పెట్టి ‘వోఫా’ అని పిలిచేది. ఆ పిలుపులో మర్యాద ఉంటే ముసలివాణ్ణంటోందనీ, నవ్వు ఉంటే వెక్కిరిస్తోందనీ అనుకునేవాడు.

రెండు నెలల కిందట ఆ అమ్మాయి సెర్వాకి నచ్చజెప్పి, కంప్యూటర్లో ఉన్నదంతా, సిస్టమ్‌తో సహా, విడిగా ఒక డిస్కులోకి నకలు తీసి పెట్టింది. “ఇల్లు కాలకుండా ఉండడానికి ఇంటికి ఫొటో తీసిందట” అని అగ్యెకుమ్ వీధంతా నవ్వించాడు. నవ్వినవాళ్ళు ఇళ్ళకి పోయారు. మంట మాత్రం అతని దగ్గరే మిగిలింది. అంత తేలికైన పని తనకెందుకు తోచలేదు?

ఒక గురువారం పొద్దున కరెంటు పోయి, ఒక్క ఊపున తిరిగొచ్చింది. సెర్వా కంప్యూటరు బోర్డూ డిస్కూ రెండూ మాడిపోయాయి. అగ్యెకుమ్ మూత విప్పి వాసన చూసి, “అయిపోయింది మాదాం” అన్నాడు. సెర్వా అతని మాట పూర్తిగా వినకుండానే అఫ్రియెని కేకేసింది.

ఆ వారం సమాధి ఒక రిటైరైన నర్సుది. ఆ పేటలో సగం మందికి పురుడు పోసిన చెయ్యి. పుస్తకం సగం తయారై, సెర్వా పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది. అది తెరుచుకునే ప్రోగ్రాం పాతది. అమ్మిన కంపెనీయే మూతబడింది, సీడీ ఎప్పుడో పోయింది. అది ఇంకా బతికి ఉన్నది అఫ్రియె తీసిన నకల్లోనే. నర్సు తమ్ముడు బొవాదు నల్లబట్ట భుజాన వేసుకుని దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రానికి నాలుగు వందల పుస్తకాలు కావాలి.

సెర్వా అప్పటికప్పుడు విదేశాల నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ మిషనొకటి తెప్పించింది. అఫ్రియె నకలంతా దానిలోకి దింపింది. ముక్కాలు గంట పట్టింది. మిషను వెలిగింది, సిస్టమ్ గుర్తు కనబడింది, అంతలో తెరంతా నీలంగా మెరిసి మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

రోడ్డుకి ఇవతల కాల్చిన అరటికాయ, వేరుశనగలు నములుతూ అగ్యెకుమ్ ఆ నీలం మెరుపులు లెక్కపెడుతున్నాడు. మొదటి మెరుపుకే అతనికి సంగతి తెలిసిపోయింది. తెలిసినకొద్దీ అరటికాయ మరింత తియ్యనైంది.

మధ్యాహ్నం కావస్తుండగా అఫ్రియె రోడ్డు దాటి వచ్చింది. చేతిలో పాత మిషను పక్కమూత. లోపలివైపు అతని రాత, వేడికీ దుమ్ముకీ వెలిసిపోయి ఉంది.

“వోఫా, ఇది మీ చేతిరాతే కదా. ‘డిస్కు’ అన్న మాటొక్కటే తెలుస్తోంది. పక్కన ఏం రాశారు?”

అగ్యెకుమ్ మూతని వెలుగుకి తిప్పాడు, దూరం పెట్టాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. ‘డిస్కు పాత పద్ధతిలో పెట్టాను’ అని రాసిన చెయ్యి అదే, ఇప్పుడు మూత పట్టుకున్న చెయ్యీ అదే.

“ఏం రాశానో నాకే తెలీట్లేదమ్మా. ఎన్నేళ్ళయిందో.”

ఆమె అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సరేనని వెళ్ళిపోయింది. అరటికాయలో ఇప్పుడు రుచి లేదు. అయినా తిన్నాడు.

ఇంకో గంట గడిచింది. ఇంకో రెండు మెరుపులు. సెర్వా గుమ్మంలోకొచ్చి బొవాదుకి సర్దిచెబుతోంది. ఆమె గొంతు చిన్నదేం కాదు, రోడ్డు వెడల్పూ పెద్దదేం కాదు.

“పాతదాన్ని మా మాస్టర్ ఏం కెలికి పెట్టాడో నాయనా. ఆ రోగమే దీనికీ అంటుకున్నట్టుంది.”

లోపల్నుంచి అఫ్రియె గొంతు వినబడింది. “లేదాంటీ. ఆయన పని శుభ్రంగానే ఉంది. నాకే అంతుపట్టట్లేదు.”

సెర్వా అన్న మాట గుచ్చుకుంది. కానీ అగ్యెకుమ్‌ని కుర్చీలోంచి లేపింది మాత్రం రెండోదే. తన పరువు తాను కాపాడుకోలేకనా, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల వకాల్తా పుచ్చుకుంటోంది? తువ్వాలు భుజాన పడేసుకుని, వచ్చే బళ్ళని కూడా చూడకుండా రోడ్డు దాటాడు.

“నేను పెట్టినదాన్లో తప్పు లేదు” అన్నాడు లోపలికి వస్తూనే. “అప్పట్లో నా దగ్గరున్న సిస్టమ్ సీడీకి డిస్కుతో కొత్త పద్ధతిలో మాట్లాడటం రాదు. అందుకే మిషన్ని పాత పద్ధతికి తిప్పాను. ఈ మిషను కొత్త పద్ధతిలో ఉంది. నీ నకలు లేచి తన డిస్కుని తానే పోల్చుకోలేక కూలబడుతోంది. దీన్ని కూడా పాతకి తిప్పు.”

కుర్చీలో అఫ్రియె ఉంది. అతను నిలబడే ఉన్నాడు.

ఆమె మిషను ఆపి, మళ్ళీ వెలిగిస్తూ మీట నొక్కింది. సెట్టింగుల పేజీ వచ్చింది. అగ్యెకుమ్‌కి తెలిసిన పేజీ బూడిదరంగులో, బాణం మీటలతో నడిచేది. ఇక్కడ ఎడమవైపు ఎన్నో అరలు, ఒక్కో అరలో మళ్ళీ అరలు. తనే కూర్చుని ఉంటే సాయంత్రం దాకా వెతుక్కునేవాడు. ఆమె మూడు నొక్కుల్లో అక్కడికి చేరింది.

“మూడు పద్ధతులున్నాయి వోఫా. ఏది?”

“మొదటిది.”

సిస్టమ్ గుర్తు వచ్చింది. అందరూ నీలం కోసం ఎదురుచూశారు. రాలేదు. బొమ్మలు గుమ్మడికాయలంత లావుగా, రంగులు మాసినట్టుగా వచ్చాయి. కొత్త మిషను తెరకీ ప్రింటరుకీ కావలసిన డ్రైవర్లన్నీ అఫ్రియె ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉంది. ఒక్కొక్కటీ ఎక్కించుకుంటూ పోయింది. మూడు గంటలకల్లా తెర మీద తెల్లటోపీ పెట్టుకున్న నర్సు ముఖం తేటగా నిలబడింది. బొవాదు దగ్గరికొచ్చి, తెరని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరు బాగుచేశారని అడిగాడు. అఫ్రియె తల తిప్పకుండానే అగ్యెకుమ్ వైపు వేలు చూపించింది.

సెర్వా ఇద్దరికీ అన్నం తెప్పించింది. అగ్యెకుమ్ మొదట అఫ్రియె పళ్ళెం చూశాడు. చేప ముక్కలు సమానంగానే ఉన్నాయి. తప్పు పట్టడానికేమీ దొరకలేదు. తింటుండగా సెర్వా నెమ్మదిగా అంది, “మాస్టర్, ఇకనుంచి ముందు అమ్మాయినే పిలుస్తాను. ఆ నకలు లేకపోతే ఇవాళ నా కొట్టు మూతే. నువ్వు పక్కనుండి చెబుదువు గాని.” కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాడు. ఆమె ప్రేమగా అంది. పధ్నాలుగేళ్ళ కుర్చీ అంత సౌమ్యంగా పోయింది.

అతను బయటికి రాగానే వెనకాలే అఫ్రియె వచ్చింది.

“మూత తెచ్చినప్పుడే మీకు తెలుసు కదా?”

అబద్ధానికి మాటలు వెతికాడు. ఇందాకే అయిపోయినట్టున్నాయి. “తెలుసు” అన్నాడు.

“మరి?”

“ఇంకోసారి అడుగుతావేమో అనుకున్నా.”

ఆమె నవ్వలేదు. క్షమించినట్టూ కనబడలేదు. పనుందని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం నర్సు సమాధి జరిగింది. తర్వాత వచ్చిన మంగళవారం అఫ్రియె ఒక మిషను చంకన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే అగ్యెకుమ్ దూరం నుంచే చూశాడు. గబగబా ఒక బోర్డు ముందుకి లాక్కుని తల వంచుకున్నాడు. దానిలో బాగుచేయడానికేం లేదు.

“వోఫా, ఇదొకసారి చూస్తారా?”

పనిలో ఉన్నానన్నాడు. ఆమె వెళ్ళలేదు. మిషను బల్ల మీద దించి, ఎండలో అలాగే నిలబడింది. ఆమె రెండోసారి అడిగేదాకా అతను తలెత్తలేదు.