సెల్లార్‌లో మోగే ఫోన్ కోసం పంజాగుట్ట దాకా

నేను బడి మానేశానని మావాళ్లు చెప్పుకుంటారు గాని, ఎనిమిదో తరగతిలో నన్ను చూసీ చూసీ విసిగి బడే నన్ను మానేసింది. అలాంటివాణ్ణి ఇవాళ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చదివేవాళ్లకు ఇంటర్వ్యూ ప్యాంట్లు కుట్టి సాగనంపుతున్నాను. వాళ్ల చదువులో నాకు అర్థమయ్యేది నడుము కొలత ఒక్కటే.

మా దుకాణం ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో ఉంది. రెండు మిషన్లు: ఒకటి నాది, ఒకటి ఇస్మాయిల్ భాయ్‌ది. పోయిన వారం ఒక కుర్రాడి ఇంటర్వ్యూ ఒకరోజు ముందుకు జరిగింది. మాకు చెప్పే దారి లేక రెడీమేడ్ ప్యాంటు వేసుకుని పోయాడు. ఎదురు సందులోని టైలరేమో బోర్డు మీద సెల్ నంబరు రాయించాడు. అప్పటి నుంచి మా గిరాకీ సగం అటే. ఇట్లాగే సాగితే ఇస్మాయిల్ భాయ్ వేరే పని చూసుకోవాల్సిందే. ఈమధ్యే ఇన్‌కమింగ్ కాల్స్ ఫ్రీ అయ్యాయి, బావమరిది తన పాత హ్యాండ్‌సెట్ ఇచ్చాడు. ఇక తేలాల్సింది ఏ కంపెనీ సిమ్ అన్నదే.

శనివారం పదిన్నరకు బయల్దేరాను. ఇస్మాయిల్ భాయ్ మెట్ల దాకా వచ్చాడు.

"జర సోంచాయించి తీసుకో అన్నా. సిగ్నల్ కిందికి రావాలె. ఈడ మోగకుంటే గా ఫోన్ ఎందుకు?"

చౌరస్తాలో ఒకతను చేతిలో కంప్యూటర్ కోర్సు కాగితం పెట్టాడు. "అన్నా, కొత్త బ్యాచ్, డెమో ఫ్రీ!"

"ఎనిమిదో తరగతికి సుత ఉన్నదా తమ్మీ డెమో?" అన్నాను. కాగితం వెనక్కి లాక్కున్నాడు.

సిటీ బస్సులో ఫుట్‌బోర్డు మీద చోటు దొరికింది. నడిచినా అంతే సేపట్లో చేరేవాణ్ణేమో గాని, ఫోన్ కొనబోయేవాడు నడిచిపోతే బాగుండదనిపించింది. పంజాగుట్టలో దిగేసరికి పదకొండు. ఎటు చూసినా సెల్‌ఫోన్ షోరూంలే. పెళ్లిచూపులకు పోయినంత హుషారుగా తల దువ్వుకుని మొదటిదాంట్లోకి దూరాను.

టై కట్టుకున్న కుర్రాడు ఫోన్ చూపించాడు. "ఫుల్ సిగ్నల్ సార్, చూడండి!"

"ఈడ కాదు తమ్మీ, సెల్లార్ల రావాలె."

"సెల్లార్‌లో ఎవరుంటారు సార్?"

"నేనుంట."

ఏసీ చల్లగా ఉందని ఇంకాసేపు కూర్చుని లేచాను. రెండో షోరూంలో ఊరి పటం పరిచారు. సిగ్నల్ వచ్చే చోటని అమీర్‌పేటంతా రంగు పూసి ఉంది.

"ఇది భూమి మీది సంగతి. భూమి కింద?" అని అడిగాను. పటం పరిచినాయన దాన్ని మడిచి లోపల పెట్టాడు.

ఆకలేసి ఇరానీ హోటల్లో రెండు సమోసాలు, చాయ్ కానిచ్చాను. మీరు వెళ్లేటట్టయితే ఇక్కడే తినండి. షోరూంల వాళ్లు ఇచ్చేది మంచినీళ్లే.

మూడో షోరూంలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయిది కోస్తా మాట. నా సంగతంతా విని నవ్వింది.

"ఏంటండీ, సిమ్ కొనడానికొచ్చి మా పార్కింగ్ చూస్తానంటారు?"

"ఫోన్ పట్టుకుని కిందికి పోత మేడం. మీరు పైనుంచి కొట్టున్రి. మోగితే తీసుకుంట."

"సరే పదండి, వాచ్‌మన్‌కు చెప్తాను," అని ఆ కంపెనీ సిమ్ ఉన్న తన ఫోన్ నా చేతికిచ్చింది. కింద స్కూటర్ల మధ్య, గోడ మూలకు పోయి నిలబడ్డాను. ఫోన్ మోగింది! వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు. నేను మెట్లు రెండేసి ఎక్కి పైకి ఉరికాను. రేషన్ కార్డు జిరాక్స్, రెండు ఫొటోలు ఇచ్చాను. మీరూ అవి మర్చిపోవద్దు. ఫొటోలో మొహం బాగాలేకపోయినా సిమ్ ఇస్తారు, దానికి నేనే సాక్షి. సాయంత్రానికి లైను వస్తుందన్నారు. నేను షోరూం ముందే తచ్చాడాను. నాలుగున్నరకు నా ఫోన్ మీద సిగ్నల్ గీతలు మొలిచాయి. నాటిన విత్తు మొలకెత్తినట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

తిరుగు బస్సులో పక్క సీటు పెద్దమనిషికి పార్కింగ్ కథంతా చెప్పాను. ఆయన తాపీగా విన్నాడు.

"గది పంజాగుట్ట టవర్ గద బిడ్డా. మీ సెల్లార్‌కు అమీర్‌పేట టవర్. ఆడ మోగితే ఈడ మోగుతదని ఎవరన్న రాసిచ్చిన్రా?"

నా హుషారు ఫుట్‌బోర్డు మీద నుంచి జారి రోడ్డు మీద పడింది. ఇంత తెలివిగా పరీక్ష పెట్టి, పరీక్ష వేరే ఊళ్లో రాసి వచ్చినట్టయింది. ఇంటర్వ్యూ ప్యాంట్లు, ఇస్మాయిల్ భాయ్ మిషను, ఎదురు సందు బోర్డు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

దుకాణం చేరగానే ఇస్మాయిల్ భాయ్‌ని పైన రూపాయి డబ్బా ఫోన్ దగ్గర నిలబెట్టి, నంబరు చేతికిచ్చి మెట్లు దిగాను. దిగుతుంటే గీతలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. అడుగుకు చేరేసరికి ఒకటి మిగిలింది. అదీ ఉండనా, పోనా అంటోంది.

మోగింది! సెల్లార్ మొత్తం మోగింది! పక్క గోడౌన్ వాళ్లు తొంగి చూశారు. చెవికి ఆనించి, "హలో! హలో భాయ్! వినపడుతున్నది!" అని అరిచాను.

"ఎత్తినవెందుకు? రూపాయి పోయె గద!" అని అవతల నుంచి అంతకన్నా గట్టిగా వినపడింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరమని అడిగితే ఇప్పుడు నేను ఒక రోజు ప్రయాణమంటాను. కాని ఆ మోత విన్నాక అలసట ఎటు పోయిందో తెలియలేదు. బోర్డు మీద రాయించాల్సిన నంబరు అప్పటికే నోటికొచ్చేసింది.

ఇస్మాయిల్ భాయ్ దిగివచ్చాడు. పార్కింగ్ పరీక్ష గురించి గొప్పగా మొదటి నుంచీ చెప్పాను. అంతా విని, మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు:

"నడుము కొలిచేటప్పుడు రోజూ ఏమంటవన్నా? 'జేబుల్ల సామాను తీసి బల్ల మీద పెట్టున్రి' అంటవ్. అన్ని కంపెనీల ఫోన్లు పొద్దంత నీ ముంగటనే కూసుంటున్నయి. దేంట్ల గీతలున్నయో జర వంగి సూసినా అయిపోతుండె!"