తీర్పు వరకే విన్నవాడు

డెబ్బై రెండులో హుకుంపేట పైనున్న ఓ కొండ ఊరిలో ఇద్దరు పసిపిల్లలు వరసగా జ్వరమొచ్చి పోయారు. ఆ ఊరి సుక్రే చిల్లంగి పెట్టాడన్నారు, చేతబడి చేశాడన్నారు. మళ్లీ మంత్రం పలక్కుండా పళ్లు రాలగొట్టాలన్నారు. రాయి పట్టుకుని పళ్లు రాలగొట్టినవాడు ధనరాజు, సుక్రుకి వరసకి బావమరిది. ఆనాటి నుంచి సుక్రు మాట్లాడితే గాలి పోయేది. తన పేరు తానే సరిగా పలకలేకపోయేవాడు. ఆ ఇంట మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టలేదు.

చింతపల్లి వైపు కూలికెళ్లిన ధనరాజు ఐదేళ్లకి బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. ఊరి చివర గడ్డిపాక వేసి ఆదివారం ప్రార్థన పెట్టాడు. సుక్రు బయటే నిలబడి వినేవాడు. దేముడు పరిశుద్ధుడనీ, పాపాన్ని ఓర్వడనీ, ప్రతి మనిషినీ తన ముందు నిలబెట్టి తీర్పు తీరుస్తాడనీ ధనరాజు చెబుతుంటే సుక్రుకి కడుపు నిండినట్టుండేది. తర్వాత ధనరాజు గొంతు మెత్తబడేది. యేసు రక్తం తన పాపాలన్నీ కడిగేసిందనేవాడు. ఆ మాట రాగానే సుక్రు ఉమ్మేసి ఇంటిదారి పట్టేవాడు. అంత మంట పెట్టుకుని అక్కడికెందుకు పోతావని భార్య చిట్టెమ్మ పోరేది.

ఓ ఆదివారం మాత్రం ఉమ్మి వెళ్లిపోలేదు. పాకలోకి నడిచాడు.

"నా నోరు పగలగొట్టినందుకు నిన్ను ఆయన సెమించేసేడా? నన్నడిగేడేటి?"

ఊరందరి ముందు కొట్టి, పదిమంది ముందు పాకలో ఏడిస్తే సరా అని అడిగి సుక్రు వెళ్లిపోయాడు.

తర్వాతి సంతలో ధనరాజు జనం మధ్య నిలబడ్డాడు. సుక్రు ఏ పాపం ఎరగడనీ, తానే అబద్ధం నమ్మి రాయెత్తాననీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. సుక్రు వీడికీ ఏదో పెట్టేశాడన్నారు. ధనరాజు సొంత అన్నే అతని చెంప పగలగొట్టి, గుమ్మం తొక్కొద్దన్నాడు.

సంత నుంచి తిరిగెళ్తున్న సుక్రు వెనకే ధనరాజు వచ్చి కాళ్లు పట్టుకోబోయాడు. సుక్రు పక్కకి తప్పుకున్నాడు.

"మీ దేముడు సెమిస్తే సెమించుకోనీ. నాకాడ అంత దయ లేదు."

"లేకపోయినా తప్పు నాదే బావా," అన్నాడు ధనరాజు.

సుక్రు నడిచిపోయాడు.

సంత తర్వాత జనం సుక్రుని చూసి మరింత బెదిరారు. బతకనివ్వరని చిట్టెమ్మ గోల పెడితే, ఆ చలికాలమే ఇద్దరూ టైడా దగ్గరున్న కూతురి ఊరికి మారిపోయారు. అక్కడ ఎవరైనా పళ్లకేం జరిగిందని అడిగితే సుక్రు కొండ మీంచి జారిపడ్డాననేవాడు. ధనరాజు పేరు ఎవరికీ చెప్పలేదు. క్షమించానని కూడా చచ్చేదాకా అనలేదు.