కుట్టక్క నవ్వు

ఆ నాటకశాలలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె కుట్టక్కే. వేదిక వెనక ఇరుకు గదిలో ఒకే మిషన్ మీద రాజుల అంగీలూ దొంగల చొక్కాలూ కుట్టేది. రాజుగారి అంగీకి కూడా లోపల పాత దుప్పటి గుడ్డే వేసేది. కనపడని చోట పట్టు ఎందుకని ఆమె వాదన. అందులో తప్పేముంది?

కానీ ఆ హాలుకి ఆమె కుట్టు కన్నా నవ్వే ఎక్కువ పనికొచ్చేది. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మర్యాద నవ్వు కాదు. పొట్టలో ఎక్కడో మొదలై, గొంతు దాకా ఎగదన్నుకొచ్చి, హాలంతా నాదే అన్నట్టు బయటపడేది. కొత్త హాస్య నాటకం మొదటి ఆట రోజున ఆమెని మధ్య వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. టికెట్టు కొని బిగదీసుకుని కూర్చున్న జనం, ఈ నవ్వెవరిదిరా బాబూ అని తలలు తిప్పి చూసేవాళ్ళు. తర్వాత ఆమెని చూసి నవ్వేవాళ్ళు. ఆ పైన నాటకానికి నవ్వేవాళ్ళు. జనం అంతే మరి, నవ్వడానికి కూడా ఎవరో ఒకరు ముందు దూకాలి.

ఆమె భర్త పక్క వీధిలోని మ్యూజియంలో కాపలాదారు. పొద్దస్తమానం ఖరీదైన పటాల పక్కన నిలబడి, ఎవరైనా గొంతు పెంచితే "ష్" అనడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే మొహం. పెళ్ళి ఫొటోలో కూడా ఎవరో పటాన్ని ముట్టుకోబోతున్నట్టు చూస్తుంటాడు. నాటకాలకి రమ్మంటే, రోజంతా జనాన్ని చూసి వచ్చాను, మళ్ళీ జనమా అనేవాడు. సాయంత్రాలు ఆమే ఆ నాటకాలన్నీ వంటింట్లో చెప్పి, తనే పడీ పడీ నవ్వేది. ఆయన వింటూ కూరలు తరిగేవాడు.

ఇలా ఉండగా కుట్టక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రమాదమేమీ లేదన్నారు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మాట తిరిగొచ్చింది, కాస్త బొంగురుగా. నవ్వు మాత్రం రాలేదు. ఓ రోజు స్నానాల గదిలో తలుపేసుకుని ప్రయత్నించింది. నోరు తెరుచుకుంది, భుజాలు కదిలాయి, గాలి తప్ప ఇంకేం బయటికి రాలేదు. అద్దంలో చూసుకుని భయపడిపోయింది. గొంతు పోతే పోయింది, నవ్వు పోతే ఇంక నేనేంటి అని అక్కడే కూర్చుని ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే చిట్టి కొత్త నాటకం రాశాడు. చిట్టి అంటే ఆ హాలు హాస్యనటుడు. పేరుకే చిట్టి, మనిషి బీరువా అంత ఉంటాడు. రాయడం అదే మొదలు. మొదటి ఆట పండితేనే నాటకం నడుస్తుంది, లేకపోతే తెల్లారే పోస్టర్లు పీకేస్తారు. ఆ మహానుభావుడు చేసిన ఘనకార్యమేమిటంటే, నాటకంలో ఎక్కడెక్కడ కుట్టక్క నవ్వుతుందో ముందే లెక్కేసుకుని, ఆ నవ్వు పట్టేంతసేపు నటులంతా ఆగేలా రాసిపెట్టాడు.

"అక్కా, రిహార్సల్ వైపు రాకు. ముందే చూసేస్తే నవ్వు పాతబడిపోతుంది" అన్నాడు.

"సరేలే" అంది ఆమె. చెప్పాలనుకుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రాకుండానే మొదటి ఆట వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి రావడం భర్త చూశాడు. నవ్వు పోయిన సంగతి ఆయనొక్కడికే తెలుసు. చొక్కా మార్చుకుని, "పద, నేనూ వస్తాను" అన్నాడు.

తెర లేచింది. అత్తగారు వస్తోందని చిట్టి కంగారుపడి, కోట్లు తగిలించే సన్నటి కర్ర వెనక దాక్కున్నాడు. అంత మనిషి, ఇంతే కర్ర. అత్తగారు వచ్చింది. అటూ ఇటూ చూసి, చేతిలోని గొడుగుని తీసుకెళ్ళి అతని చెవికి తగిలించింది. చిట్టి ఆగాడు. అత్తగారు ఆగింది. వేదిక మొత్తం ఆగింది.

కుట్టక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. హాల్లో కిమ్మన్నవాళ్ళు లేరు. చెవికి గొడుగు వేలాడుతుండగా చిట్టి మధ్య వరస వైపు దీనంగా చూశాడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. నా తమ్ముడి లాంటి వాడి కొంప నేనే ముంచాను అనుకుంది.

అప్పుడు పక్క సీట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎప్పుడూ తెరవని ఇనప గేటుని ఎవరో పట్టి లాగినట్టుంది. భర్తకి పొలమారిందేమో అని కంగారుగా వీపు తట్టింది. పొలమారలేదు. ఆయన నవ్వుతున్నాడు. ఎక్కిళ్ళు పెడుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ, వేదిక వైపు వేలు చూపిస్తూ, "గొడుగు... చెవికి..." అంటున్నాడు.

అది చూసేసరికి కుట్టక్కకి పొట్టలో ఎక్కడో కదిలింది. భుజాలు ఊగాయి. సీటు ఊగింది. ఆ హాల్లో సీట్లన్నీ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి కనక వరసంతా ఊగింది. చివర కూర్చున్న పెద్దావిడ ముందు సీటు పట్టుకుని కిసుక్కుమంది. ఆ వెంటనే కుట్టక్క గొంతులోంచి సన్నగా, కీచుగా, పాత మిషన్ చక్రం తిరిగినట్టు ఏదో బయటపడింది. అది నవ్వే. వెనక వరస అందుకుంది, ముందు వరస అందుకుంది, ఇంక హాలు ఆగలేదు. తర్వాత చిట్టి ఆగిన చోటల్లా ఎవరి కోసమూ చూడకుండా జనమే నవ్వేశారు.

ఆట అయ్యాక చిట్టి రంగు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు.

"చచ్చి బతికాను అక్కా. నీకు నవ్వు రావట్లేదని ముందే చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పనురా? చెబితే అది నిజమైపోతుందని భయమేసింది."

చిట్టి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నవ్వు మునుపటిలా లేదు, నిజమే. కానీ పోలేదు. అది చాలు.

ఇంటికి నడుస్తుంటే భర్త చెయ్యి పట్టుకుంది.

"పోనీలెండి, నా కోసం దొంగ నవ్వయినా నవ్వారు. మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "దొంగ నవ్వేమిటి? నాకు నవ్వొచ్చే నవ్వాను."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని నవ్వు ఇవాళే వచ్చిందా?"

"ఇన్నేళ్ళూ నువ్వు నవ్వుతుంటే వినడానికే సరిపోయింది" అన్నాడు ఆయన. "అది ఆపి నేనెందుకు నవ్వుతాను?"